యూకే తెలుగువాళ్ల 102 జన్యురాశులు: ‘ఐటీయూ’ డేటా ఎంతవరకు పనికొస్తుంది?

వంశమూలాల మీదో, ఎత్తు, మధుమేహం లాంటి సంక్లిష్ట లక్షణాల మీదో పరిశోధన చేద్దామనుకునే తెలుగు విద్యార్థి చేతికి ముందుగా అందేది 1000 జీనోమ్స్ ప్రాజెక్టు డేటా. ప్రపంచంలోని వేర్వేరు జనసమూహాల జన్యురాశుల్ని, అంటే మనుషుల మొత్తం డీఎన్‌ఏను, చదివి అందరికీ తెరిచిన ప్రాజెక్టు అది. అందులో మనవాళ్లకంటూ ఒక అర ఉంది. దాని పేరు ఐటీయూ, అంటే ‘ఇండియన్ తెలుగు ఇన్ ద యూకే’. 102 మంది జన్యురాశులు. డబ్బు కట్టక్కర్లేదు, దరఖాస్తు పెట్టక్కర్లేదు, ఇంట్లో కూర్చుని దించుకోవచ్చు. పని నేర్చుకోవడానికి ఇది చాలా మంచి సరుకు. అయితే దీన్ని పట్టుకుని ‘తెలుగువాళ్లు జన్యుపరంగా ఇలా ఉంటారు’ అని రాస్తే ఆ మాట నిలబడదు. ఎందుకు నిలబడదో, ఎక్కడిదాకా నమ్మొచ్చో, దించుకున్న రోజు నుంచి ఎక్కడెక్కడ కాలు జారుతుందో ఈ సమీక్షలో చూద్దాం.

ముందు సరుకు సంగతి. ప్రాజెక్టు 2008లో మొదలైంది. మూడో దశ ఫలితాలు 2015లో ‘నేచర్’ పత్రికలో వచ్చాయి: 26 జనసమూహాలు, 2,504 మంది, 8.8 కోట్లకు పైగా జన్యు తేడాలు (డీఎన్‌ఏలో మనిషికీ మనిషికీ అక్షరాలు మారే చోట్లు). దక్షిణాసియా నుంచి ఐదు సమూహాలున్నాయి. హ్యూస్టన్‌లోని గుజరాతీలు 103, లాహోర్ పంజాబీలు 96, బంగ్లాదేశ్ బెంగాలీలు 86, యూకేలోని శ్రీలంక తమిళులు 102, యూకేలోని తెలుగువాళ్లు 102. మొత్తం 489. వీళ్ల రక్తకణాల నుంచి పెంచిన కణవరుసలు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని కోరియెల్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. డీఎన్‌ఏ కావాలంటే అక్కడ కొనుక్కోవాలి. డేటా మాత్రం ఉచితం.

ఇదే మనుషుల డేటా రెండు రూపాల్లో దొరుకుతుంది. కొత్తవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. పాతది 2015 నాటి మూడో దశ. జన్యురాశిని సగటున 7.4 సార్లు మాత్రమే చదివారు, స్థానాల లెక్క జీఆర్‌సీహెచ్37 (ప్రామాణిక మానవ జన్యురాశి పటంలో ఒక వెర్షన్) ప్రకారం ఉంటుంది. కొత్తది న్యూయార్క్ జీనోమ్ సెంటర్ 30 సార్లు చదివి ఇచ్చినది. దాని పత్రం 2022లో ‘సెల్’లో వచ్చింది, స్థానాలు జీఆర్‌సీహెచ్38 ప్రకారం ఉంటాయి. కొత్తదాంట్లో 3,202 మంది ఉన్నారు. తల్లి, తండ్రి, బిడ్డ కలిసిన 602 త్రయాలు అందులో ఉన్నాయి. అంటే బంధువులు కలిశారన్నమాట. వాళ్లను తీసెయ్యకుండా పీసీఏ (వేల తేడాలను కొన్ని ముఖ్యాక్షాల్లోకి కుదించి మనుషుల్ని పటం మీద చుక్కలుగా చూపే పద్ధతి) నడిపితే ముఖ్యాక్షాల్లో ఒకటి ఆ కుటుంబాన్ని చూపించడానికే ఖర్చయిపోతుంది. జన్యు డేటాను వడపోసే ప్రోగ్రాం ప్లింక్ 2లో కింగ్ గుణకం (ఇద్దరి బంధుత్వాన్ని కొలిచే అంకె) 0.0884 దగ్గర కోత పెడితే రెండో తరగతి బంధుత్వం దాకా పోతుంది.

ఏది తీసుకోవాలి? ఐదు శాతం కంటే ఎక్కువ పౌనఃపున్యం (జనంలో ఎంత తరచుగా కనిపిస్తుందన్న లెక్క) ఉన్న మామూలు తేడాలతో పీసీఏ, అడ్మిక్స్‌చర్ (ఒక్కో మనిషిలో వంశమూలాల పాళ్లు అంచనా వేసే ప్రోగ్రాం) చేయడానికి రెండూ ఒకటే. అరుదైన తేడాలు కావాలంటే మాత్రం 30 సార్లు చదివినదే వాడాలి. తక్కువసార్లు చదివిన డేటాలో ఒక్క మనిషిలో మాత్రమే కనిపించే తేడాలు చాలా జారిపోతాయి. మీ ల్యాబ్‌లో 30 సార్లు చదివిన జన్యురాశుల్ని పాత మూడో దశ ఐటీయూతో పోలిస్తే మీ శాంపిళ్లలో అరుదైన తేడాలు కుప్పలుతెప్పలుగా ఉన్నట్టు తేలుతుంది. ఆ తేడా యంత్రానిదే, మనుషులది కాదు. ఈ తప్పుతో గైడ్ దగ్గరకు వెళ్తే ఆరు నెలల పని వెనక్కి పోతుంది.

మొదటి వారం 22వ క్రోమోజోముతో చేయి తిప్పుకోవడం మేలు. మూడో దశ ఫైలు సుమారు 200 ఎంబీ, అందులో 11 లక్షలకు పైగా తేడాలుంటాయి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. విండోస్ ఉన్నవాళ్లు డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు) పెట్టుకోవాలి, ఎందుకంటే అడ్మిక్స్‌చర్ లినక్స్, మ్యాక్ మీదే నడుస్తుంది. తేడాల జాబితా ఉండే వీసీఎఫ్ ఫైలుతోపాటు ‘ప్యానెల్’ అనే చిన్న ఫైలు కూడా తప్పకుండా దించుకోండి. అందులో నాలుగే నిలువు వరుసలుంటాయి: శాంపిల్ సంఖ్య, జనసమూహం, ఖండస్థాయి సమూహం, లింగం. అంతే. జిల్లా లేదు, కులం లేదు, వయసు లేదు, ఎత్తు లేదు, బరువు లేదు, చక్కెర లేదు. ఆరోగ్య వివరాలు ఈ ప్రాజెక్టులో సేకరించలేదు. ఈ సంగతి దించుకోకముందే మనసులో పెట్టుకుంటే తర్వాత చాలా నిరాశ తప్పుతుంది.

ఇక వడపోత. ముందు రెండే రూపాలున్న స్నిప్‌లను (ఒక్క అక్షరం మారే తేడాలను) మాత్రమే ఉంచండి. ఖాళీలు రెండు శాతం దాటినవి తీసెయ్యండి. పౌనఃపున్యం ఐదు శాతం కంటే తక్కువవి పీసీఏ కోసం పక్కన పెట్టండి. ఆరో క్రోమోజోములో 25 నుంచి 35 మెగాబేస్‌ల (మెగాబేస్ అంటే పది లక్షల అక్షరాలు) దాకా ఉన్న, రోగనిరోధక జన్యువుల హెచ్‌ఎల్‌ఏ ప్రాంతాన్ని, ఎనిమిదో క్రోమోజోములో 7 నుంచి 13 దాకా ఉన్న తిరగబడ్డ ముక్కను తీసెయ్యాలి. లేకపోతే ఒక ముఖ్యాక్షం మొత్తం ఆ ఒక్క ముక్క ఎవరిలో ఎటు తిరిగి ఉందో చెబుతుంది, అది వంశమూలంలా కనిపించి మోసం చేస్తుంది. తర్వాత లింకేజ్ వడపోత, అంటే పక్కపక్కనే ఉండి కలిసి వారసత్వంగా వచ్చే స్నిప్‌లను పలచబరచడం: కిటికీ 50 స్నిప్‌లు, అడుగు 10, ఆర్-స్క్వేర్ (రెండు స్నిప్‌లు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 0.1. అడ్మిక్స్‌చర్ మాన్యువల్ ఇచ్చే లెక్క కూడా ఇదే. ఖండాల మధ్య తేడా చూడ్డానికి పదివేల స్నిప్‌లు చాలు గానీ, ఒకే ఖండంలో దగ్గరి సమూహాల మధ్య తేడా పట్టాలంటే లక్ష కావాలని అదే మాన్యువల్ చెబుతుంది. తెలుగు, తమిళ సమూహాల్ని పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు ఈ రెండో లెక్కే మనది. 22వ క్రోమోజోము ఒక్కదానితో చేసిన పీసీఏ చూసి ‘రెండూ ఒకటే’ అనేయకండి.

22వ క్రోమోజోము గురించే ఇంకో మాట. ఈ డీఎన్‌ఏ నేరుగా రక్తం నుంచి వచ్చింది కాదు, వైరస్‌తో అమరం చేసిన బి కణాలది. యాంటీబాడీ జన్యువులున్నచోట బి కణాలు తమ డీఎన్‌ఏను తామే కత్తిరించుకుంటాయి. అలాంటి చోటు ఒకటి 22లోనే ఉంది, మిగతావి 2, 14లో ఉన్నాయి. అక్కడ కనిపించే లోపాలు ఆ మనిషి వంశంలోవి కావు, కణవరుసలోవి. నిర్మాణ తేడాల మీద పనిచేసేవాళ్లు వాటిని ముందే మూసెయ్యాలి.

హార్డీ-వైన్‌బర్గ్ వడపోత దగ్గర మాత్రం తొందర వద్దు. ఒక స్నిప్‌లో జన్యురూపాల నిష్పత్తి పౌనఃపున్యాలను బట్టి ఆశించినట్టే ఉందా అని చూసే పరీక్ష అది. ఐదు సమూహాలనూ కలిపి ఈ పరీక్ష పెడితే సమూహాల మధ్య నిజంగా తేడా ఉన్న స్నిప్‌లే ముందు ఎగిరిపోతాయి. వేర్వేరు పౌనఃపున్యాలున్న గుంపుల్ని ఒకే గుంపుగా లెక్కిస్తే మిశ్రజన్యుకాలు (తల్లి, తండ్రి నుంచి వేర్వేరు రూపాలు వచ్చినవి) తక్కువగా కనిపించడం సహజం, పరీక్ష దాన్ని లోపమనుకుంటుంది. మీకు కావలసిన సమాచారాన్నే మీరు చెత్తబుట్టలో వేసినట్టవుతుంది. ఒక్కో సమూహంలో విడిగా, పి విలువ పది లక్షల్లో ఒకటి దగ్గర కోత పెట్టండి.

ఇప్పుడు ఈ డేటాతో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు. పాఠాల్లో దొరికే వడపోత పద్ధతులు ఎక్కువగా ఐరోపా సమూహాల కోసం రాసినవి. అందులో ఒక మెట్టు ఉంటుంది: ‘మిశ్రజన్యుకాల శాతం సగటు నుంచి మూడు ప్రామాణిక విచలనాలు దాటినవాళ్లను శాంపిల్ చెడిపోయిందని తీసెయ్యండి.’ మన దగ్గర మేనరికం ఉంది. మేనబావను చేసుకుంటే పుట్టే బిడ్డకు అంతఃప్రజనన గుణకం పదహారింట ఒకటి. మేనమామను చేసుకుంటే ఎనిమిదింట ఒకటి. అంటే సుమారు 2,880 మెగాబేస్‌ల ఆటోజోముల్లో (1 నుంచి 22 దాకా క్రోమోజోముల్లో) మొదటి సందర్భంలో 180, రెండో సందర్భంలో 360 మెగాబేస్‌లు తల్లి వైపు, తండ్రి వైపు ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఒకేలా ఉంటాయని అంచనా. అలాంటి మనిషి ఆ వడపోతలో ‘చెడిపోయిన శాంపిల్’గా బయటకు పోతాడు. శాంపిల్‌కు ఏ రోగమూ లేదు, అది మన పెళ్లిళ్ల చరిత్ర. పొడవైన ఏకరూప ముక్కలు చూస్తే తేడా తెలిసిపోతుంది. డీఎన్‌ఏ కల్తీ అయితే మిశ్రజన్యుకాలు పెరుగుతాయి. చదవడం చెడితే ఖాళీలు పెరుగుతాయి. మేనరికమైతే ఖాళీలు మామూలుగానే ఉండి, కొన్నిచోట్ల పెద్దపెద్ద ఏకరూప ముక్కలు, మిగతాచోట్ల మామూలు వైవిధ్యం కనిపిస్తాయి. మూడో రకాన్ని దయచేసి తీసెయ్యకండి.

ఆ ముక్కలు వెతికేటప్పుడు ఇంకో గుంట ఉంది. ప్లింక్ 1.9 డిఫాల్ట్ ప్రకారం ఒక ముక్క కనీసం 1,000 కిలోబేస్‌లు (అంటే ఒక మెగాబేస్) ఉండాలి, అందులో కనీసం 100 స్నిప్‌లుండాలి, సగటున 50 కిలోబేస్‌లకు ఒక స్నిప్ అయినా తగలాలి. చాలామంది అడ్మిక్స్‌చర్ కోసం పలచబరిచిన ఫైలునే దీనికీ పెడతారు. 50 వేల స్నిప్‌లే మిగిలిన ఫైల్లో సగటు దూరం 58 కిలోబేస్‌లకు చేరుతుంది. ఆ సాంద్రత నియమం దాటక ముక్కలన్నీ మాయమవుతాయి, ‘ఇక్కడ మేనరికాలే లేవు’ అన్న తప్పుడు ఫలితం వస్తుంది. దీనికి లింకేజ్ వడపోత చేయని ఫైలు వాడండి. పొడవు కూడా విడదీసి చూడండి. ఎనిమిదీ పదీ మెగాబేస్‌లు దాటిన ముక్కలు దగ్గరి తరాల మేనరికాన్ని చెబుతాయి. ఒకటి రెండు మెగాబేస్‌ల చిన్న ముక్కలు ఎక్కువగా ఉంటే అది ఎన్నో తరాల కిందట సమూహం కొద్దిమందితో మొదలై, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చిన గుర్తు. రెండూ కలిపి ఒకే అంకెగా రాస్తే రెండు వేర్వేరు చరిత్రలు ఒకటైపోతాయి.

ఈ రెండో చరిత్ర మనకు చాలా ముఖ్యం. 2009లో హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్‌లు అమెరికా జన్యుశాస్త్రవేత్త డేవిడ్ రైక్ బృందంతో కలిసి ‘నేచర్’లో ప్రచురించిన పత్రంలో 25 సమూహాల నుంచి 132 మంది ఉన్నారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ నుంచి వైశ్య, వెలమ, నాయుడు, మాల, మాదిగ, కంసాలి, చెంచు సమూహాలు అందులో విడివిడిగా కనిపిస్తాయి. వైశ్యుల్లో సమూహం కుంచించుకుపోయిన ఘట్టం వంద తరాలకు పైగా వెనక జరిగిందని, ఆ తర్వాత బయటివాళ్లతో కలయిక తరానికి ముప్పైలో ఒక వంతు కంటే తక్కువేనని అక్కడ లెక్క తేలింది. దీని ఫలితం ఆసుపత్రిలో కనిపిస్తుంది. బ్యుటైరిల్ కోలినెస్టెరేజ్ అనే ఎంజైము లోపం వైశ్యుల్లో ఇతర సమూహాల కంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ఈ లోపం ఉన్నవాళ్ల ఒంట్లో నిమిషాల్లో విరగదు, ఊపిరి తిరిగి అందుకోవడానికి గంటలు పడుతుంది. మత్తు డాక్టరుకు కావలసిన ఈ కబురు ‘తెలుగు’ అన్న ఒక్క ముద్ర కింద దాగిపోతుంది. ఐటీయూ డేటాలో ఎవరు ఏ సమూహమో రాసి లేదు కాబట్టి దాన్నుంచి ఈ సంగతి బయటపడే దారి లేదు.

పీసీఏ నడిపాక ఏం కనిపిస్తుంది? ప్రపంచమంతటి డేటాతో కలిపితే దక్షిణాసియా ఒక చాలులా సాగుతుంది. ఆ 489 మందితోనే నడిపితే గుజరాతీలు రెండు గుంపులుగా విడిపోవడం ముందు కంటబడుతుంది, అది హ్యాప్‌మ్యాప్ (1000 జీనోమ్స్ కంటే ముందటి ప్రాజెక్టు) రోజుల నుంచీ తెలిసిన విషయం. తెలుగు, పంజాబీ సమూహాల్లోనూ లోపలి గుంపులున్నాయని 2016లో సేన్‌గుప్తా, చౌధురి, బసు, రామ్సే రాసిన పత్రం చూపించింది. ఆ గుంపుల మధ్య తేడాలకు కొత్త మూలమేదో కారణం కాదనీ, ఉత్తర, దక్షిణ పూర్వీకుల (భారతీయుల్లో కలిసిన రెండు ప్రాచీన మూలాల) పాళ్లలో తేడా, సమూహం లోపలి పెళ్లిళ్లే కారణమనీ వాళ్లు తేల్చారు. పైగా ఐదు సమూహాల్లోనూ ఉత్తర భారత పూర్వీకుల అంశమే ఎక్కువగా ప్రాతినిధ్యం పొందిందని కూడా అదే పత్రం చెప్పింది. ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు. యూకేకు వలస వెళ్లగలిగిన కుటుంబాల చిట్టా, ఆదిలాబాద్ నుంచి చిత్తూరు దాకా ఉన్న జనం చిట్టా ఒకటి కావు. భాషను జన్యు సమూహానికి ప్రతినిధిగా వాడడం చాలదని ఆ పత్రం చెప్పిన మాట ఐటీయూ మీద పెట్టాల్సిన మొదటి హెచ్చరిక.

ఆ లోపలి గుంపుల్ని విడదీసి ఒక్కోదాని మీద పీసీఏ చేయబోతే ప్లింక్ 2 మొండికేస్తుంది. యాభై మంది కంటే తక్కువ ఉంటే పౌనఃపున్యాలు నమ్మదగ్గవి కావని ఆపేస్తుంది. దాన్ని బలవంతంగా దాటించే ఆప్షన్ ఉంది గానీ ప్రోగ్రాం చెప్పేదే న్యాయం. పౌనఃపున్యాలు మొత్తం 489 మంది నుంచి లెక్కగట్టి బయటి నుంచి అందించడం మంచి పద్ధతి.

సొంత శాంపిల్‌ను ఈ పటం మీద చుక్కగా పెట్టుకోవాలనుకునేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ఒకటి, స్నిప్‌లను ఆర్‌ఎస్ సంఖ్యలతో (డేటాబేసులో వాటికిచ్చే గుర్తింపు సంఖ్యలతో) జత చేయకండి. ఆ సంఖ్యలు కాలక్రమంలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటాయి. క్రోమోజోము, స్థానం, రెండు అక్షరాలు కలిపి కొత్త పేరు పెట్టి జత చేయండి, అంతకు ముందు రెండు ఫైళ్లూ ఒకే జీఆర్‌సీహెచ్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. ఏ/టీ, సీ/జీ స్నిప్‌లను మొత్తంగా తీసెయ్యండి. డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఏ పోగు నుంచి చదివారో వాటిలో తెలియదు, తిరగబడినా ప్రోగ్రాం పసిగట్టలేదు. రెండు, పాత పటం మీద కొత్త చుక్కను ప్రొజెక్ట్ చేస్తే అది మధ్యలోకి కుంచించుకుపోతుంది. అంచున ఉండాల్సిన మనిషి నడుమ పడతాడు, ‘మిశ్రమ మూలం’ అన్న అబద్ధపు కథ పుడుతుంది. పీసీఏ చేసే ప్రోగ్రాం స్మార్ట్‌పీసీఏలో ఈ కుంచింపును సరిచేసే ఆప్షన్ ఉంది, దాన్ని వాడండి.

అడ్మిక్స్‌చర్ గురించి పెద్దగా చెప్పను, ఎందుకంటే ప్రోగ్రాం బాగుంది, చెడేది చదివే తీరు. ‘క్రోమోజోము సంఖ్య చెల్లదు’ అని ఆగిపోతే ఫైల్లో ‘సీహెచ్‌ఆర్’ ముందుమాటో ఎక్స్ క్రోమోజోమో ఉందని అర్థం. 1 నుంచి 22 దాకా అంకెలే ఉంచండి. ప్రతి కే విలువకూ (ఎన్ని మూలాలుగా విడదీయాలో మనం చెప్పే అంకె) వేర్వేరు సీడ్‌లతో (యాదృచ్ఛికంగా మొదలుపెట్టే సంఖ్యలతో) కనీసం పదిసార్లు నడపండి, మూలాల పాళ్లు చూపే బొమ్మలో ఒక్కసారి వచ్చిన రంగుల్ని నమ్మకండి. సమూహం లోపలి పెళ్లిళ్లతో బాగా ఏకరూపమైన గుంపు కే పెరిగేకొద్దీ తనకంటూ ఒక రంగు తెచ్చుకుంటుంది. దాన్ని ‘కల్తీ లేని ప్రాచీన మూలం’ అని చదవడం ఈ రంగంలో పాత జబ్బు. ఆ రంగులు ఉత్తర, దక్షిణ భారత పూర్వీకులు కూడా కావు. ఆ రెండు మూలాలూ కలవకుండా మిగిలిన సమూహం ఇవాళ మన ప్రధాన భూభాగంలో లేదు. 2009 పత్రం వాటి పాళ్లు తేల్చడానికి అండమాన్ ఒంగేలను దక్షిణ మూలానికి దూరపు బంధువుగా తీసుకుని వేరే గణితం వాడింది. అప్పుడు ఉత్తర పాలు సమూహాన్ని బట్టి 39 నుంచి 71 శాతం దాకా వచ్చింది. పాళ్లు కావాలంటే అందుకోసమే ఉన్న పద్ధతులు ఎఫ్4 నిష్పత్తి, క్యూపీ-ఆడ్మ్ నేర్చుకోండి.

102 అన్న అంకె ఎంత చిన్నదో కాగితం మీద చూద్దాం. 102 మందికి 204 క్రోమోజోము ప్రతులు. తెలుగువాళ్లలో ఒక శాతం పౌనఃపున్యం ఉన్న తేడా ఈ 204లో ఒక్కసారి కూడా కనిపించకపోయే అవకాశం 13 శాతం. అర శాతం ఉన్న తేడాకు 36 శాతం. వెయ్యికి ఒకటి ఉన్నదానికి 80 శాతం పైనే. దక్షిణాసియా వాళ్లలో సుమారు నాలుగు శాతం మందిలో ఉండి గుండె కండరాల జబ్బుకు దారితీసే ఎంవైబీపీసీ3 జన్యువులోని 25 అక్షరాల లోపం (తంగరాజ్ బృందం 2009లో వెల్లడించింది) ఇక్కడ నలుగురిలో కనిపిస్తుందని ఆశించొచ్చు. ఇద్దరిలో కనిపించినా, ఏడుగురిలో కనిపించినా దాన్నుంచి ఏ నిర్ణయమూ చేయకూడదు. 20 శాతం పౌనఃపున్యం ఉన్న మామూలు తేడాకు కూడా అటూ ఇటూ ఐదున్నర శాతం పొరపాటు ఉంటుంది. మందుల ప్రభావాన్ని మార్చే తేడాల మీద ‘తెలుగువాళ్లలో ఇంత శాతం’ అని పట్టిక వేసేవాళ్లు ఈ పొరపాటు హద్దుల్ని పక్కనే రాయాలి. రాయని పట్టికను నమ్మొద్దు.

లింకేజ్ రెఫరెన్సుగా, అంటే స్నిప్‌ల మధ్య ఆర్-స్క్వేర్‌లు అంచనా కట్టడానికి, వాడేటప్పుడు కూడా ఈ అంకె కరుస్తుంది. ఏ సంబంధమూ లేని రెండు స్నిప్‌ల మధ్య కూడా 102 మందితో ఆర్-స్క్వేర్ సగటున 0.01 దాకా ఊరికే వస్తుంది. వెయ్యి స్నిప్‌ల ప్రాంతానికి కట్టిన మాత్రికకు ర్యాంకు 101 దాటదు. దాన్ని తిరగేయమంటే ప్రోగ్రాం తప్పు చూపిస్తుంది, లేదా ఇంకా ప్రమాదకరంగా, ఏదో ఒక జవాబు ఇచ్చేస్తుంది. కారణమైన స్నిప్‌ను వెతికే ఫైన్-మ్యాపింగ్‌కు ఐటీయూను ఒంటరిగా వాడకండి. స్నిప్‌ల ప్రభావాలు కూడి స్కోరు కట్టే పీఆర్‌ఎస్-సీఎస్ లాంటి పద్ధతులకు 489 మందితో ముందే కట్టిన దక్షిణాసియా రెఫరెన్సు దొరుకుతుంది, అది కొంత నయం.

ఇక పాలీజెనిక్ స్కోర్లు, అంటే చాలా స్నిప్‌ల చిన్న చిన్న ప్రభావాలు కూడి ఒక లక్షణానికి కట్టే అంకెలు. సంక్లిష్ట లక్షణాల్లోకి వచ్చే విద్యార్థికి అసలు ఆకర్షణ ఇదే. అలాంటి స్కోర్లు దొరికే పీజీఎస్ క్యాటలాగ్ నుంచి ఎత్తు స్కోరు ఫైలు దించి, ఐటీయూ మీద లెక్కగట్టి, బ్రిటిష్ సమూహం సగటు పక్కన పెట్టడం ఒక పూట పని. ఆ రెండు సగటుల తేడాకు అర్థం మాత్రం లేదు. 2022లో వచ్చిన ఎత్తు అధ్యయనంలో 54 లక్షల మంది, 12,111 స్నిప్‌లు ఉన్నాయి. ఐరోపా మూలాల వాళ్లలో అవి ఎత్తు తేడాల్లో 40 శాతాన్ని వివరిస్తాయి. ఇతర మూలాల వాళ్లలో 10 నుంచి 20 శాతమే. అంతకుముందు 2019లో మార్టిన్ బృందం 17 లక్షణాల మీద చూస్తే, దక్షిణాసియా వాళ్లలో స్కోర్ల కచ్చితత్వం ఐరోపా వాళ్లతో పోలిస్తే సగటున 1.6 రెట్లు తక్కువ. కారణాలు మూడు. కొలిచిన స్నిప్, నిజంగా పనిచేసే తేడా మధ్య లంకె సమూహాన్ని బట్టి మారుతుంది. పౌనఃపున్యాలు మారతాయి. తిండి, పుట్టినప్పటి బరువు, ఊరి నీళ్లు అన్నీ మారతాయి.

ఐరోపా లోపలే ఈ లెక్క ఎలా బోల్తా కొట్టిందో చూస్తే జాగ్రత్త వస్తుంది. ఉత్తర ఐరోపా వాళ్లు దక్షిణం వాళ్ల కంటే పొడుగవడానికి ప్రకృతి ఎంపికే కారణమని ఎత్తు స్కోర్ల ఆధారంగా చాలా పత్రాలు వచ్చాయి. 2019లో సొహైల్ బృందం, బెర్గ్ బృందం విడివిడిగా ‘ఈలైఫ్’లో చూపించిందేమిటంటే, బ్రిటన్‌లోని భారీ ఆరోగ్య, జన్యు డేటా నిల్వ యూకే బయోబ్యాంక్‌లోని ఒకే రకం జనం నుంచి వచ్చిన అంచనాలు వాడితే ఆ సంకేతం చాలామటుకు కరిగిపోతుంది. పాత అంచనాల్లో వంశమూలాల తేడా కొద్దిగా మిగిలిపోయింది. ఒక్కో స్నిప్‌లో కంటికి ఆననంత చిన్న పొరపాటు వేల స్నిప్‌లు కూడేసరికి కొండంత అయింది. అందుకే వంశమూలాలను, లక్షణాలను రెండు వేర్వేరు సబ్జెక్టులుగా చదవకండి. మొదటిది రాకుండా రెండోది చేయలేరు. ఐటీయూలో లోపలి గుంపులున్నాయని ముందే చూశాం, లక్షణాల వివరాలేమో లేవు. కాబట్టి ఇక్కడ స్కోరు లెక్కగట్టొచ్చు, సరిచూసే వీలు లేదు. స్కోరు విస్తరణ ఎలా ఉంటుందో నేర్చుకోవడానికి వాడండి, ‘తెలుగువాళ్లకు ఫలానా జబ్బు ముప్పు ఎక్కువ’ అని రాయడానికి వద్దు.

దీని తర్వాత ఎటు? నిజమైన ప్రశ్న ఉన్నవాళ్లు జీనోమ్ ఇండియా వైపు చూడాలి. కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం డబ్బుతో 2020లో మొదలైన ఈ ప్రాజెక్టులో 83 జనసమూహాల నుంచి సుమారు పదివేల జన్యురాశులున్నాయి. సీసీఎంబీ కూడా భాగస్వామి. డేటాను 2025 జనవరి 9న ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్‌లో పరిశోధకులకు తెరిచారు. ఐటీయూలా ఊరికే దించుకోలేం, దరఖాస్తు చేసి అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తులో మీ పద్ధతి, వడపోత మెట్లు రాసేటప్పుడు ఐటీయూ మీద చేసిన సాధనంతా పనికొస్తుంది. విదేశీ ల్యాబ్‌తో కలిసి పనిచేస్తూ ఇక్కడి మనుషుల డేటా వాడేట్టయితే ఎథిక్స్ కమిటీతోపాటు ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా ముందే చూసుకోండి. విదేశంలోని ఇంప్యుటేషన్ (చదవని స్నిప్‌లను అంచనాతో నింపే) సర్వర్‌కు ఫైలు ఎక్కించడం కూడా డేటా దేశం దాటించడమే. ఒక్క క్లిక్కే కదా అనుకోవద్దు.

చివరగా, పత్రంలో పేరు ఎలా రాయాలి. మొదటిసారి పూర్తిగా ‘యూకేలోని భారతీయ తెలుగువాళ్లు’ అని రాసి, ఆ తర్వాత ఐటీయూ అనండి. కోరియెల్ కూడా సమూహాల పేర్లు ఇలా పూర్తిగా రాయమనే కోరుతుంది. ‘యూకే’ మాట తీసేసి ‘తెలుగు జనాభా’ అని కుదించకండి. మ్యాపు బొమ్మల్లో చాలామంది ఐటీయూ చుక్కను తీసుకొచ్చి ఆంధ్రలో ఎక్కడో పెడుతుంటారు. చుక్కను శాంపిళ్లు తీసిన చోటే, అంటే యూకేలోనే పెట్టి, మూలం తెలుగు ప్రాంతమని బొమ్మ కింద ఒక వాక్యం రాయండి.